పరగడుపున నాగజెముడు

మా పెరటికీ పక్కింటి పెరటికీ మధ్య గోడ లేదు, నాగజెముడు డొంక ఉంది. బందరులో మేము ఈ ఇల్లు కొనుక్కునేనాటికే అది నా భుజాల ఎత్తున ఉండేది. సముద్రం వైపు ఇసుక నేల కదా, దానికి చెంబెడు నీళ్ళు పోసిన పాపాన ఎవరమూ పోలేదు. అయినా ఏటేటా కొత్త మట్టలు వేస్తుంది, పసుపుపచ్చటి పూలు పూస్తుంది, ఎర్రటి పళ్ళు కాస్తుంది. వాళ్ళ కోళ్ళు ఇటు రావు, మా వైపు తిరిగే కుక్కలు అటు వెళ్ళవు. ఇన్నేళ్ళలో మా రెండిళ్ళకూ ఒక్కసారి కూడా హద్దు తగాదా రాలేదంటే ఆ గొప్పతనం మాది కాదు, ఆ ముళ్ళది.

పక్కింటి పెద్దావిడను కూతురి పిల్లలు నానీమా అంటారు. వాళ్ళను చూసి మా వీధంతా అలాగే పిలుస్తుంది. ఆవిడ కొడుకులకు అద్దకం బట్టల వ్యాపారం. ఆవిడకు మాత్రం కోళ్ళు, మోకాళ్ళ నొప్పి, మా వీధి మీద పెత్తనం, ఈ మూడే లోకం. మోకాలు సలిపినప్పుడల్లా డొంకలో ఒక లేత మట్ట కోయించి, ముళ్ళు కాల్చి, మధ్యకు చీల్చి, పసుపూ ఆముదమూ రాసి, వెచ్చచేసి కట్టించుకుంటుంది. తగ్గిందా నానీమా అంటే, "తగ్గుద్ది టీచరమ్మా, మళ్ళీ వస్తది. మళ్ళీ కడతాను" అంటుంది. ఏ వైద్యమూ తన గురించి ఇంత నిజాయితీగా చెప్పుకోగా నేను వినలేదు.

నాకూ నాగజెముడు కొత్త కాదు. నేను పుట్టి పెరిగింది గుడివాడ పక్కన నందివాడలో. అక్కడ నల్లరేగడి, ఎటు చూసినా వరి, నాగజెముడుకు చోటంటూ దొరికితే కాలవ గట్టు మీదే. మాకు కోరింత దగ్గు వస్తే మా అమ్మ దాని పళ్ళను నిప్పుల మీద కాల్చి, రసం పిండి, తేనెతో నాకించేది. సెగగడ్డ లేస్తే మట్ట వెచ్చచేసి కట్టేది. దగ్గు తగ్గేది, గడ్డ పగిలేది. అవి ఎలాగూ తగ్గేవేనేమో, నాకు తెలియదు. ఇక పళ్ళ కోసమైతే మేము మందు వంక కూడా పెట్టేవాళ్ళం కాదు. గోనెపట్టా మీద వేసి దొర్లిస్తే పైనున్న నూగు ముళ్ళు రాలేవి, తొక్క ఒలిచి, నడిమధ్య ఉండే చుక్క ముల్లును తీసి పారేసి నోట్లో వేసుకునేవాళ్ళం. నోరూ చేతులూ గౌనూ ఎర్రగా అయ్యేవి. తొందరపడి నూగు ముల్లు నాలుకకు గుచ్చుకుంటే ఆ పూటంతా ఏడుపే. నాగజెముడు ముల్లంటే ఏమిటో తెలిసినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోరు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

ఇప్పుడు మా ఆయన సంగతి.

ఆయన ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. రిటైరైన కొత్తలో చేసిన మొట్టమొదటి పని ఈ డొంక మీద యుద్ధం ప్రకటించడం. ముళ్ళచెట్టు ఇంటి హద్దులో ఉంటే యజమానికి అనారోగ్యమని ఎవరో వాస్తు పండితుడు ఫోనులో వీడియో పెట్టాడట. కొట్టించేద్దామని మనిషిని కూడా పిలిచారు. నానీమా డొంక అవతల నిలబడి ఒక్కటే మాట చెప్పింది. "కొట్టెయ్యి బాబూ, నాకేం? మా కోళ్ళొచ్చి మీ వంటింట్లో గుడ్లు పెడతాయి, అప్పుడు నన్ననొద్దు." మా ఆయనకు గుడ్డు వాసన పడదు. వచ్చిన మనిషికి మజ్జిగ ఇచ్చి పంపేశారు.

ఆ తర్వాత ఏడాదికే షుగరు బయటపడింది. ఇంట్లో ముళ్ళచెట్టు ఉంచుకున్నందుకు వచ్చిందని ఆయన, రోజూ నాలుగు పూటలా అన్నం తిని పడక్కుర్చీలో పడుకున్నందుకు వచ్చిందని నేను. డాక్టరమ్మ మాత్రం ఎందుకొచ్చిందన్న చర్చ పెట్టకుండా మాత్రలు రాసి ఇచ్చింది. ఆ మాత్రల దగ్గరే మా ఆయనకు పేచీ వచ్చింది.

"ఇవి ఒకసారి మొదలుపెడితే జన్మంతా వేసుకోవాలి. అసలు మొదలే పెట్టకపోతే?" అన్నారు.

ముప్పై ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు నడిపిన మనిషి. ఏ సమస్య అయినా "పరిశీలనలో ఉంది" అని రాసి పక్కన పెడితే కొన్నాళ్ళకు దానంతటదే చచ్చిపోతుందని ఆయన గట్టి నమ్మకం. షుగరును కూడా అలాగే పక్కన పెట్టారు.

ఆయన్ను వెక్కిరిస్తున్నాను గానీ, దీని వెనకున్నది నాకు తెలియనిది కాదు. మా మావగారి కాలు షుగరుకే పోయింది. మోకాలి కింద తీసేశారు. ఆ తర్వాత బతికిన నాలుగేళ్ళూ ఆయన ఎవరినీ కాళ్ళ వైపు చూడనిచ్చేవారు కాదు, ఎండాకాలంలో కూడా దుప్పటి కప్పుకునే కూర్చునేవారు. మా ఆయన అదంతా దగ్గరుండి చూశారు. షుగరు ఉందని ఒప్పుకుంటే కాలు వదులుకున్నట్టేనని ఆయన మనసులో ఎక్కడో నాటుకుపోయింది. అందుకే ఒప్పుకోలేదు. నాకూ కావలసింది వేరే ఏమీ కాదు, ఆయన రెండు కాళ్ళూ ఆయనకు మిగలాలి. ఇద్దరం కోరుకున్నది ఒకటే, ఆ ఒక్కదాని కోసమే రోజూ పోట్లాడుకునేవాళ్ళం.

మాత్రలు వద్దన్న మనిషి ఇక వేసుకోనిది లేదు. నానబెట్టిన మెంతులు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు, ఎవరో కుండీతో సహా తెచ్చిచ్చిన పేరు తెలియని మొక్క ఆకు. ఒక్కొక్కటీ ఒక్కో నెల ఏలింది. చివరికి ఒక రోజు పొద్దున్నే ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమోయ్, మెక్సికోలో దీన్ని కూరగాయల బజార్లో అమ్ముతారట తెలుసా? అక్కడ ఇంటింటా తింటారట. షుగరుకి దీన్ని మించింది లేదట."

ఫోనులోకి చూశాను. మా పెరటి డొంక.

"ఇది ఇంట్లో ఉంటే యజమానికి అనారోగ్యమన్నారు కదండీ?"

"అది దక్షిణం వైపు ఉంటే. మనది పడమర" అన్నారు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.

ఆ రోజు నుంచి మా వంటిల్లు నా చేతిలోంచి జారిపోయింది. తెల్లవారగానే కత్తీ పట్టకారూ పట్టుకుని డొంక దగ్గరికి వెళ్ళడం, రెండు లేత మట్టలు కోసుకురావడం, గ్యాసు మంట మీద ముళ్ళు కాల్చడం, చెక్కు తీసి ముక్కలు చేసి అల్లం, నిమ్మరసం, ఉప్పు వేసి మిక్సీ పట్టడం. ఆ రసం బెండకాయ జిగురు కంటే సాగుతుంది. గ్లాసు వంచితే ఒక్కసారిగా రాదు, తీరా వచ్చాక ఆగదు. దాన్ని పరగడుపున కళ్ళు మూసుకుని తాగి, మూతి తుడుచుకుని, "అమృతం" అనేవారు. నేను ఒక్కసారి రుచి చూశాను. ఉడకని బెండకాయను పచ్చి మామిడి తొక్కతో కలిపి నమిలినట్టుంది. అయినా కృష్ణా జిల్లా మనిషి దేన్నైనా పచ్చడి చెయ్యకుండా వదలడు కదా, పది రోజులు తిరక్కుండానే నాగజెముడు పచ్చడి, నాగజెముడు పప్పు, గోంగూరలో నాగజెముడు కూడా వచ్చేశాయి. గోంగూరలో వేసింది మాత్రం నిజంగానే బాగుంది. గోంగూరలో ఏది వేసినా బాగుంటుందని నేనంటే ఆయనకు నచ్చలేదు.

తర్వాత రక్తపరీక్ష వచ్చింది.

ఇక్కడ మా ప్రాంతపు ఆచారం ఒకటి చెప్పాలి. మా దగ్గర షుగరు పరీక్షకు మనుషులు టెన్త్ పరీక్షకు తయారైనట్టు తయారవుతారు. ఆరు నెలలు ఇష్టమొచ్చినట్టు తింటారు. పరీక్ష రేపనగా నాలుగు రోజుల ముందు నుంచి అన్నం మానేస్తారు, స్వీటు షాపున్న వీధిలోంచి కూడా నడవరు, పొద్దునా సాయంత్రం చెమటలు కారేలా తిరుగుతారు. కాగితం మీద అంకె బాగుండగానే ల్యాబు పక్కన హోటల్లో నెయ్యి దోసె తిని ఇంటికొస్తారు. డాక్టరును మోసం చేశామని సంబరం. ఎవరి ఒంటితో ఎవరు పందెం కాశారో ఆలోచించేవాళ్ళుండరు.

నేను హైస్కూల్లో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. పరీక్ష హాల్లో చీటీ ఏ జేబులో ఉందో పిల్లవాడి మెడ చూసి చెప్పేదాన్ని. మా ఇంట్లో జరిగే కాపీ నాకు తెలియదా? మా తమ్ముడు నందివాడ నుంచి పంపిన పాత బియ్యం, మల్లెపువ్వుల్లాంటి అన్నం, పరీక్ష ముందు వరసగా నాలుగు రోజులు గిన్నెలో మిగిలిపోయింది. రాత్రిళ్ళు దోసకాయ ముక్కలు తిని పడుకున్నారు.

రిపోర్టు బాగా వచ్చింది. ఆయన దాన్ని ఫోటో తీసి పొద్దున నడక మిత్రుల గ్రూపులో పెట్టారు. కింద ఒక్క మాటే రాశారు. "నాగజెముడు."

"ఏమండీ, గెలిచింది నాగజెముడా, మీ పస్తులా?" అన్నాను.

"నువ్వు రిటైరయ్యావు గానీ నీ అనుమానం రిటైరవలేదు" అన్నారు.

"మూడు నెలల సగటు చెప్పే పరీక్ష ఒకటుందటగా. డాక్టరమ్మ రాసిచ్చింది కూడా. దానికి నాలుగు రోజుల పస్తు పనిచెయ్యదట. అది చేయించండి, నేను నోరు మూసుకుంటాను."

"చేయిద్దాం, చేయిద్దాం" అన్నారు. అది కూడా పరిశీలనలోకి వెళ్ళిపోయింది.

ఇక మా ఆయన గురువుగారైపోయారు. నడక మిత్రులు నలుగురూ రిటైరైనవాళ్ళే, నలుగురికీ షుగరే. ఒకాయన బ్యాంకు మేనేజరు, ఒకాయన తాలూకాఫీసు, ఇద్దరు కాలేజీ లెక్చరర్లు. నలుగురూ కలిసి బందరులో ఎవరి ఇంట్లో ఏముందో చెప్పగలరు గానీ తమ ఒంట్లో ఏముందో చెప్పలేరు. పొద్దున్నే మా వరండాలో చేరి, గ్లాసుల్లో ఆ జిగురు తాగుతూ, మా ఆయన ఉపన్యాసం వినేవారు. పాలు కారే జెముడు వేరనీ, అది విషమనీ, పొరపాటున కూడా దాని జోలికి వెళ్ళొద్దనీ చెప్పేవారు. అది ఒక్కటీ నిజం. మిగతా ఉపన్యాసంలో మోకాళ్ళు, గుండె, జుట్టు, జ్ఞాపకశక్తి, నిద్ర అన్నీ ఉండేవి. నాగజెముడు బాగుచెయ్యని అవయవం మనిషిలో మిగల్లేదు.

ఐదుగురు తాగేసరికి డొంక పలచబడింది. నడుమ ఒకచోట మనిషి దూరేంత సందు పడింది. కోసి పారేసిన ముదురు మట్టలు ఆ సందులో ఎండి, ముళ్ళతో సహా ఇసుకలో పడి ఉండేవి. నానీమా చెప్పినట్టే ఒక మధ్యాహ్నం ఆవిడ పెట్ట ఒకటి ఆ సందులోంచి వచ్చి, మా వంటింట్లో బియ్యం డబ్బా పక్కన కూర్చుని, తీరిగ్గా గుడ్డు పెట్టి వెళ్ళింది. మా ఆయన ఆ పూట వంటింట్లోకి రాలేదు. నానీమా డొంక అవతలి నుంచి అరిచింది. "ఇంకొక్క మట్ట తెంపారంటే ఊరుకునేది లేదు బాబూ! మందో మాకో, ఇంకెక్కడైనా చూసుకోండి!"

చూసుకున్నారు. ఒక ఆదివారం ఐదుగురూ కారు మాట్లాడుకుని దివిసీమ వెళ్ళారు. నాగాయలంక దాటాక ఇసుక దిబ్బల మీద నాగజెముడు కావలసినంత ఉంటుంది. అక్కడి జనం దాన్ని పశువులకు అడ్డంగా నాటుకుంటారు తప్ప అందులో అమృతం ఉందని వాళ్ళకు ఎవరూ ఫోనులో చెప్పలేదు. గోతాల నిండా మట్టలు, బుట్టెడు పళ్ళూ కోసుకుని, చుట్టు తిరిగి మరీ మా కృష్ణ ఒడ్డు శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడికి వెళ్ళి, గోతాలు మెట్ల మీద పెట్టి పూజ చేయించారట. పూజారిగారు ఇవేమిటని అడిగి, విన్నాక, గోతాలకు కొంచెం ఎడంగా నిలబడి అక్షింతలు వేశారట. ఈ సంగతి మా ఆయనే ఎంతో గొప్పగా చెప్పారు.

పళ్ళు దారిలోనే అయిపోయాయి. మర్నాడు పొద్దున బ్యాంకు మేనేజరుగారు ఫోను చేశారు.

"గురువుగారూ, ఎర్రగా పోతోందండీ."

"ఏది?"

"అదేనండీ... మూత్రం."

మా ఆయన ఒక్క క్షణం తగ్గారు. వెంటనే తేరుకుని, "మంచిదే కదండీ. లోపలున్న విషమంతా బయటికి పోతోందన్నమాట" అన్నారు. మేనేజరుగారు అంత నమ్మకం పెట్టుకోక ఆస్పత్రికి పరిగెత్తారు. పండు రంగే అలా వస్తుంది, భయం లేదని అక్కడ చెప్పారట. పనిలో పనిగా షుగరు చూసి ఏమన్నారో మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు, మా వరండాకు రావడమూ మానలేదు.

ఈ మధ్యలోనే నేను ఇంకో విషయం గమనించాను. మా ఆయన నడకకు రెండు చెప్పులతో వెళ్ళి ఒక చెప్పుతో తిరిగొస్తున్నారు. మొదటిసారి ఇద్దరం నవ్వుకున్నాం. ఎక్కడ జారిపోయిందో చూసుకోలేదట. రెండోసారి ఎవరో పిల్లలు వెనకాల పరిగెత్తుకొచ్చి ఇచ్చారట. మూడోసారి మా తమ్ముడు నందివాడ నుంచి వచ్చి ఉన్నాడు.

"ఏంటి బావగారూ, ఒక కాలికే పండగా?" అన్నాడు.

"ఆలోచనల్లో ఉండి చూసుకోలేదురా. నాగజెముడు తాగుతుంటే మనసు ఏకాగ్రమవుతుంది, తెలుసా?"

మా తమ్ముడు నవ్వాడు. నేను నవ్వలేదు. చెప్పు కాల్లోంచి జారిపోతే ఎంత ఆలోచనలో ఉన్నా కింద ఇసుకా రాయీ తగలవా? ఆ మాటే అడిగాను. "నువ్వు ఊరికే భయపెట్టకు" అని విసుక్కుని లోపలికి వెళ్ళిపోయారు. నాకు అప్పుడే భయం మొదలైంది. మావగారి దుప్పటి గుర్తొచ్చింది. తమ్ముడి ముందు ఏడవడం ఇష్టం లేక బియ్యం చెరగడం మొదలుపెట్టాను.

ఆ తర్వాతి ఆదివారం శిష్యులు నలుగురూ మా వరండాలో ఉన్నారు. లేత మట్టను ఎలా గుర్తుపట్టాలో చూపిస్తానని మా ఆయన రబ్బరు చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్ళారు. నానీమా చూడకుండా, ఆ సందులో అడుగుపెట్టి ఒక మట్ట కోసి, పట్టకారుతో జెండాలా పైకెత్తి పట్టుకుని తిరిగొచ్చారు. నేను గ్లాసులున్న పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డాను. ఆయన మాట్లాడుతూనే మెట్టెక్కి చెప్పులు వదిలారు.

ఎడమ చెప్పు వచ్చింది. కుడి చెప్పు రాలేదు.

ఆయన చూసుకోకుండా కాలు విదిలించారు. రాలేదు. మరోసారి విదిలించారు. బొటనవేలి దగ్గర పట్టీ వదులైంది గానీ మడమ దగ్గర చెప్పు కాలితోపాటే లేచింది. "దీని పట్టీ బిగిసినట్టుంది" అని, ఉపన్యాసం ఆపకుండానే కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకున్నారు. శిష్యుల్లో ఒకరు నవ్వారు. "మొన్నటిదాకా జారిపోయేది, ఇప్పుడు వదలనంటోంది గురువుగారూ!"

అప్పటికే నానీమా పెట్టను చంకలో పెట్టుకుని, సందు సంగతి తేల్చుకోవడానికి మా వరండా దాకా వచ్చేసింది. నోరు తెరిచి, ఆయన కాలు చూసి, తిట్టబోయిన మాట ఆపేసింది.

"బాబూ... ముల్లు."

నేను వంగి చూశాను. అరిగిపోయిన రబ్బరు చెప్పులోంచి దిగబడిన నాగజెముడు ముల్లు, మడమలోకి ఎంత లోతుకు వెళ్ళిందో తెలియదు, చెప్పును కాలికి మేకు కొట్టినట్టు పట్టి ఉంచింది. చెప్పు అంచున కొంచెం నెత్తురు.

"నొప్పి లేదా బాబూ?" అంది నానీమా.

"నొప్పా? ఎక్కడ?" అన్నారు మా ఆయన. నిజంగానే అడిగారు.

ఆయన పట్టకారు కింద పెట్టి, కాలు రెండు చేతులతో పట్టుకుని, ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఎప్పుడు గుచ్చుకుందంటావు?" అన్నారు. ఆఫీసులో కిందివాళ్ళను గద్దించిన గొంతు, వాస్తు మీద, మెక్సికో మీద వాదించిన గొంతు ఎక్కడికి పోయిందో.

"లాగెయ్" అన్నారు.

నేను కింద కూర్చుని చెప్పు పట్టుకుని లాగాను. "అమ్మా!" అని అరిచింది నేను. ఆయన ఊరికే చూస్తున్నారు.

ఆ రోజు ఎవరూ రసం తాగలేదు. బ్యాంకు మేనేజరుగారు ఎవరూ చూడటం లేదనుకుని చెప్పులోంచి కాలు తీసి, అరికాలిని వేలితో నొక్కి చూసుకున్నారు. ఆయన్ను చూసి పక్కాయన. మరి కాసేపటికి నలుగురు పెద్దమనుషులూ మా వరండాలో కాళ్ళు ఎత్తిపెట్టుకుని ఎవరి అరికాళ్ళు వాళ్ళు గిల్లుకుంటున్నారు. వేరే రోజైతే నేను కడుపుబ్బ నవ్వేదాన్ని.

డాక్టరమ్మ ఆ గాయం కడిగి కట్టు కట్టింది. మూడు నెలల సగటు పరీక్ష ఈసారి అక్కడికక్కడే చేయించింది. దానికి తయారయ్యే వ్యవధి ఆయనకు దొరకలేదు. కాగితం చూసి ఆవిడ కేకలు వెయ్యలేదు, వేస్తే బాగుండేది. ఆయన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో అరికాలిని అక్కడక్కడ తాకుతూ, "తెలిసినప్పుడల్లా చెప్పండి" అంది. చాలాసేపు ఆ గదిలో ఏ మాటా వినిపించలేదు. వేళ్ళ పైభాగాన తాకినప్పుడు మాత్రం "ఆఁ, ఇక్కడ" అన్నారు.

"నాగజెముడు తినొచ్చా అమ్మా?" అని నేనే అడిగాను. ఆయన అడగలేరని తెలుసు.

"కూరలా తినండి, పండులా తినండి. మాత్ర బదులు తినకండి" అంది. "పోయిన స్పర్శ తిరిగొస్తుందని నేను మాటివ్వలేను. ఉన్న కాలు కాపాడుకోవచ్చు. రోజూ సాయంత్రం అరికాళ్ళు ఎవరైనా చూడాలి."

గాయం మానడానికి చాలా కాలం పట్టింది. మానింది. ఆ రోజు నుంచి ఆయన మాత్రలు మానలేదు, ఆ అరిగిన చెప్పులతో పెరట్లోకి వెళ్ళలేదు. దళసరి బూట్లు కొనుక్కున్నారు. శిష్యులు మా వరండా వదిలి ఇంకెవరి వరండాకో వెళ్తున్నారట, అక్కడ ఏదో గింజల కషాయమట. బ్యాంకు మేనేజరుగారు ఒక్కరే రెండు చోట్లకూ వెళ్ళకుండా మాత్రలు వేసుకుంటున్నారని విన్నాను. డొంకలో పడిన సందులో నానీమా నాలుగు మట్టలు గుచ్చింది. ఎవరూ నీళ్ళు పోయకుండానే అవి చివుళ్ళు వేస్తున్నాయి. పెట్ట ఇప్పుడు అటే ఉంటుంది.

ఇక సాయంత్రం పని నాది. ఆయన మంచం మీద కాళ్ళు చాపి కూర్చుంటారు. నేను అరికాళ్ళు కడిగి తుడిచి, వేళ్ళ సందులు చూసి, చివర్లో దీపం వత్తి ఒకటి తీసుకుని డాక్టరమ్మ చేసినట్టు చేస్తాను. ఆయన కళ్ళు మూసుకుంటారు.

నిన్న సాయంత్రం కూడా అలాగే కూర్చున్నాం. "తెలుస్తోందా అండీ?" అన్నాను.

"ఆఁ, తెలుస్తోంది. మడమ దగ్గర. నిన్నటికంటే బాగా తెలుస్తోంది" అన్నారు, ఉత్సాహంగా.

వత్తి ఇంకా నా ఒళ్ళోనే ఉంది. నేను తాకనేలేదు.

ఎంతమంది పిల్లల కాపీలు పట్టుకున్నానో, ఎంతమందిని హాలు బయట నిలబెట్టానో. ఈయన్ను మాత్రం పట్టుకోవడానికి నోరు రాలేదు. "బాగుందండీ" అన్నాను. వత్తి తీసుకుని, మడమ మీద, మచ్చ ఉన్నచోట, నిజంగా తాకాను. కాస్త గట్టిగానే తాకాను.

ఆయన ఏమీ అనలేదు. కళ్ళు మూసుకునే, నేను మళ్ళీ ఎప్పుడు అడుగుతానా అని ఎదురుచూస్తున్నారు.